ఒకే పాట, నాలుగు దారులు: ఇంటి స్టీరియోలో డిజిటల్ సంగీత సోర్సులను సరిపోల్చే పద్ధతి

ఇంట్లో ఒక యాంప్లిఫయర్, ఒక జత స్పీకర్లు ఉండి, వాటికి సీడీ ప్లేయర్, ల్యాప్‌టాప్, నెట్‌వర్క్ స్ట్రీమర్ (ఇంటర్నెట్ నుంచి నేరుగా పాటలు తెచ్చే పెట్టె), ఫోన్ నుంచి వచ్చే బ్లూటూత్ అన్నీ తగిలించి ఉన్నప్పుడు, వీటిలో ఏది బాగా పలుకుతుందన్న ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు. చెన్నైలోని మా ఇంట్లో ఆ ప్రశ్నకు నేను మొదట చెప్పుకున్న జవాబు తప్పు. రిచీ స్ట్రీట్‌లో కొన్న ఒక డాక్‌ను (డీఏసీ, అంటే డిజిటల్ అంకెలను ధ్వనిగా మార్చే పెట్టెను) ల్యాప్‌టాప్‌కు తగిలించి, గాత్రం ముందుకు వస్తోందని, తంబూర నాదం నిండుగా ఉందని, సీడీ ప్లేయర్ దాని ముందు తేలిపోతోందని దాదాపు ఏడాది పాటు నమ్మాను. ఒకనాడు మల్టీమీటర్ పెట్టి చూస్తే సీడీ ప్లేయర్ 2.0 వోల్టులు ఇస్తున్న చోట డాక్ 2.3 వోల్టులు ఇస్తోంది. అంటే 1.2 డెసిబెల్స్ ఎక్కువ. ఆ తేడాను సరిచేసి, ఏది మోగుతోందో తెలియకుండా విన్న రోజున రెండింటినీ విడదీసి చెప్పలేకపోయాను.

ఒక డెసిబెల్ తేడాను మనసు ‘గట్టిగా ఉంది’ అని గుర్తించదు. ‘బాగుంది’ అని గుర్తిస్తుంది. దీనికి చెవి నిర్మాణంలోనే కారణం ఉంది. శబ్దం తగ్గే కొద్దీ మన చెవికి మంద్ర స్వరాలు, అతి తార స్వరాలు మధ్య స్వరాల కంటే త్వరగా వినిపించకుండా పోతాయని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపారు. కాబట్టి కొంచెం గట్టిగా మోగే సోర్సుకు మృదంగం తొప్పి వైపు బరువూ, తాళాల మెరుపూ ఊరికే కలిసివస్తాయి. ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ఎక్కువ చోటు శబ్దస్థాయిని సమం చేయడానికి ఇచ్చింది అందుకే.

దేన్ని దేనితో పోలుస్తున్నామో ముందుగా తేల్చుకోవాలి

‘సీడీ మేలా, స్ట్రీమింగ్ మేలా’ అన్న ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. మొదటిది ఫైలుకు సంబంధించినది: కుదించని లేదా లాస్‌లెస్ (ఏమీ పోగొట్టకుండా చిన్నది చేసిన) ఫైలుకూ, ఎంపీ3 వంటి కుదింపు ఫైలుకూ తేడా వినిపిస్తుందా అన్నది. రెండోది దారికి సంబంధించినది: అదే ఫైలు యూఎస్‌బీ మీదుగా వచ్చినా, ఆప్టికల్ కేబుల్ మీదుగా వచ్చినా, బ్లూటూత్ మీదుగా వచ్చినా ఒకేలా ఉంటుందా అన్నది. మూడోది అంకెలను తిరిగి ధ్వనిగా మార్చే డాక్‌కు సంబంధించినది. ఒక పరీక్షలో వీటిలో ఒక్కదాన్నే మార్చి, మిగిలిన రెండింటినీ కదలకుండా ఉంచాలి. ఫోన్‌లోని స్ట్రీమింగ్ యాప్‌ను బ్లూటూత్‌లో పెట్టి, దాన్ని సీడీ ప్లేయర్‌తో పోల్చేవారు మూడింటినీ ఒకేసారి మారుస్తున్నారు. అప్పుడు తేడా వినిపించినా అది ఎక్కడిదో తెలియదు.

ఫైళ్ళనే పోల్చాలంటే రెండింటినీ ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే డాక్ ద్వారా వినండి. దారులను పోల్చాలంటే సీడీ ప్లేయర్ వెనుక ఉన్న ఆప్టికల్ లేదా కోయాక్సియల్ అవుట్‌పుట్‌ను అదే డాక్‌కు కలపండి. డాక్ ఒక్కటే కాబట్టి శబ్దస్థాయి దానంతటదే సమంగా ఉంటుంది, ఇది పెద్ద సౌకర్యం. డాక్‌లను పోల్చాలంటే మాత్రం వోల్టేజీ కొలత తప్పనిసరి.

పాట పేరు ఒకటైతే చాలదు, మాస్టర్ కూడా ఒకటై ఉండాలి

మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన పాత తెలుగు సినిమా పాటలను ఇష్టంగా వినేవారికి ఇది స్వయంగా తెలిసే ఉంటుంది. ఘంటసాల పాడిన ఒకే పాట ఒక సీడీలో టేపు బుస్సుతో సహా సహజంగా ఉంటుంది. ఇంకొక దానిలో ఆ బుస్సును తీసేసే ప్రయత్నంలో గొంతులోని గాలి కూడా పోయి ఉంటుంది. మరొక దానిలో మోనో పాటకు కృత్రిమంగా ప్రతిధ్వని కలిపి స్టీరియోలా చేసి ఉంటారు. ఇవి ఫార్మాట్ తేడాలు కావు, మాస్టర్ (సీడీకో, ఫైలుకో మూలంగా తయారు చేసే తుది రికార్డింగు) తేడాలు. పాత సీడీని స్ట్రీమింగ్‌లో దొరికే రీమాస్టర్‌తో పోల్చి ‘స్ట్రీమింగ్‌లో ప్రాణం లేదు’ అనుకోవడం, లేదా దానికి తలకిందులుగా అనుకోవడం, నేను చూసిన పోలికల్లో చాలా తరచుగా జరిగే పొరపాటు. ఇటీవలి రీమాస్టర్లలో చిన్న శబ్దాలను పైకి లేపి, పెద్ద శబ్దాలను అణచి, మొత్తాన్ని గట్టిగా వినిపించేలా చేయడం మామూలు కాబట్టి, శబ్దస్థాయి సమస్య కూడా ఇందులో దాగి ఉంటుంది.

దీన్ని తప్పించుకోవడానికి నమ్మకమైన దారి ఒక్కటే. మీ సొంత సీడీని ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వంటి ప్రోగ్రాంతో ఫ్లాక్ ఫైలుగా దించుకుని, ఆ ఫైలు నుంచే మిగిలిన రూపాలన్నీ మీరే తయారు చేసుకోవాలి. ఎంపీ3లు తయారు చేసే లేమ్ ఎన్‌కోడర్‌తో 128, 192, 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3లు చేసుకుంటే, నాలుగింటికీ తల్లి ఒక్కతే అవుతుంది. సీడీలోని ధ్వని సెకనుకు 1,411 కిలోబిట్లు; ఫ్లాక్ దాన్ని ఒక్క బిట్టు కూడా పోగొట్టకుండా చిన్నదిగా మడిచి పెడుతుంది; ఎంపీ3 మాత్రం ఒక శబ్దం చాటున మరొకటి మరుగున పడే చోట, చెవికి అందదని లెక్క కట్టిన భాగాన్ని వదిలేస్తుంది.

కొనుక్కున్న డౌన్‌లోడ్ ఫైలూ, మీ సీడీ ఒకే మాస్టరా అన్న అనుమానం వస్తే, ఆడాసిటీ అనే ధ్వని ఎడిటింగ్ ప్రోగ్రాంలో రెండింటినీ రెండు ట్రాకులుగా తెరిచి, చాలా దగ్గరగా పెద్దది చేసి చూస్తూ, ఒక్క శాంపిల్ (ధ్వని కొలత) కూడా అటూఇటూ కాకుండా జరిపి, ఒకదాని తరంగాన్ని తలకిందులు (ఇన్వర్ట్) చేసి, రెండింటినీ కలపండి. పూర్తి నిశ్శబ్దం మిగిలితే రెండూ ఒకటే. పాట సన్నగా మిగిలితే మాస్టర్లోనో, శబ్దస్థాయిలోనో తేడా ఉంది. శబ్దస్థాయిని సరిచేసి మళ్ళీ కలిపి చూడాలి.

ఫ్లాక్ అన్న పేరుతో దొరికేదంతా ఫ్లాక్ కాదు. ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చి పెట్టిన ఫైళ్ళు ఉంటాయి. స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే 128 కేబీపీఎస్ నుంచి వచ్చిన ఫైలు సాధారణంగా 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. అయితే 1950ల నాటి రికార్డింగులో అంత పైస్థాయి శబ్దమే మొదటి నుంచీ ఉండకపోవచ్చు కాబట్టి, పైన ఖాళీగా ఉండటాన్ని కాదు, సరళరేఖలా కోసిన అంచునే గుర్తుగా తీసుకోవాలి.

దారిలో చేయి పెట్టేవాటిని ఆపేయడం

స్ట్రీమింగ్ యాప్‌లలో పాటలన్నిటినీ ఒకే స్థాయికి తెచ్చే అమరిక ఉంటుంది. స్పాటిఫైలో దాన్ని ఆడియో నార్మలైజేషన్ అంటారు, ఆపిల్ మ్యూజిక్‌లో సౌండ్ చెక్ అంటారు. పరీక్ష సమయంలో దాన్ని ఆపేయాలి. ఈక్వలైజర్, బాస్ బూస్ట్, ఒక పాట మరొకదానిలో కలిసిపోయే క్రాస్‌ఫేడ్, డాల్బీ అట్మోస్ అన్నిటినీ తీసేయాలి. అట్మోస్ రూపం అసలు వేరే మిక్స్ కాబట్టి దాన్ని స్టీరియోతో పోల్చడంలో అర్థం లేదు. వైఫైకి, మొబైల్ డేటాకు, డౌన్‌లోడ్‌కు నాణ్యత అమరికలు విడివిడిగా ఉంటాయి, మూడింటినీ చూసుకోండి.

విండోస్‌లో ధ్వని మామూలుగా సిస్టమ్ మిక్సర్ గుండా పోతుంది, అక్కడ 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకు 44,100 శాంపిళ్ళ) ఫైలు 48కి మారే అవకాశం ఉంది. ప్లేయర్ ప్రోగ్రాంలో ఎక్స్‌క్లూజివ్ మోడ్ ఎంచుకుంటే ఈ మార్పు తప్పుతుంది. డాక్ మీద శాంపిల్ రేటు చూపే దీపమో తెరో ఉంటే 44.1 కనిపిస్తోందా లేదా అని చూస్తే చాలు.

గది, వేళ, కరెంటు

ఫ్యాను తిరుగుతుండగా ఎంపీ3కీ ఫ్లాక్‌కూ తేడా వెతకడం వృథా శ్రమ. ఫ్యాను, ఏసీ రెండూ ఆపాలి; మే నెల చెన్నైలో అది సాధ్యపడదు కనుక నేను ఈ పనిని డిసెంబర్, జనవరి నెలల్లో, తెల్లవారుజామున ఆటోల రొద మొదలవక ముందు పెట్టుకుంటాను. మార్గళి కచేరీల కాలం కావడం మరొక మేలు: సభలో మైకు లేకుండానో, తక్కువ మైకుతోనో విన్న వీణ నాదం చెవిలో తాజాగా ఉంటుంది.

స్పీకర్లనూ, కుర్చీనీ నేల మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి. తల ఒక అడుగు పక్కకు జరిగితే వచ్చే మార్పు, రెండు మంచి డాక్‌ల మధ్య ఉండే తేడా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ వంటి సముద్రపు గాలి తగిలే చోట ఉండేవారు సోర్సునూ యాంప్లిఫయర్‌నూ కలిపే ఆర్‌సీఏ పిన్నులను ఒకసారి తీసి, తుడిచి, తిప్పుతూ మళ్ళీ బిగించాలి. పిన్ను మీద చిలుము పడితే ఒకవైపు చానెల్ సన్నబడుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్ తగిలించగానే స్పీకర్లలో ‘గుయ్’ మంటూ 50 హెర్ట్జ్ రొద వస్తే అది ఎర్త్ లూప్, అంటే పరికరాల ఎర్త్ తీగలు కలిసి వలయమై అందులో కరెంటు పారడం. బ్యాటరీ మీద నడపండి, లేదా ఆప్టికల్ కేబుల్ వాడండి. దానిలో కాంతి తప్ప కరెంటు పోదు కాబట్టి లూప్ తెగిపోతుంది.

శబ్దస్థాయిని సమం చేయడం

కావలసినవి: 2 వోల్టుల ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) రేంజిలో మూడు దశాంశాల వరకు చూపే ఒక డిజిటల్ మల్టీమీటర్, 400 హెర్ట్జ్ సైన్ టోన్ (ఒకే స్థాయిలో మోగే శుద్ధ స్వరం) ఉన్న ఒక ఫైలు. టోన్‌ను ఆడాసిటీలోనే తయారు చేసుకోవచ్చు. 1 కిలోహెర్ట్జ్ వాడమని చాలామంది చెబుతారు. కానీ మనకు అందుబాటులో ఉన్న చవక మల్టీమీటర్లలో చాలావాటికి ఏసీ కొలత 400 హెర్ట్జ్ వరకే నమ్మదగినదని వాటి కాగితంలోనే రాసి ఉంటుంది. టోన్‌ను సీడీ మీద కూడా రాసుకోవాలి, సీడీ ప్లేయర్ నుంచి అదే టోన్ రావాలి కదా.

స్పీకర్ తగిలించి ఉండగానే, యాంప్లిఫయర్ వెనుక ఒక చానెల్ ఎరుపు, నలుపు టెర్మినళ్ళ మీద మీటర్ మొనలు ఆనించాలి. ఆ రెండు మొనలు ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే యాంప్లిఫయర్ కాలిపోవచ్చు. ఈ ఒక్క పనిలో తొందరపడకండి. మొదటి సోర్సులో టోన్ పెట్టి, మీటర్ 1.000 వోల్టు చూపే వరకు వాల్యూమ్ పెంచండి. తరువాత యాంప్లిఫయర్ వాల్యూమ్‌ను తాకకుండా రెండో సోర్సుకు మారండి. మీటర్ 0.989, 1.011 మధ్య ఉంటే తేడా 0.1 డెసిబెల్ లోపే ఉన్నట్టు. అంతకంటే ఎక్కువగా ఉంటే, గట్టిగా ఉన్న సోర్సును దాని సొంత డిజిటల్ వాల్యూమ్‌తో తగ్గించాలి. లెక్క కావాలనుకునేవారికి: రెండు వోల్టేజీల నిష్పత్తికి లాగరిథమ్ తీసి 20తో గుణిస్తే డెసిబెల్స్ వస్తాయి.

డిజిటల్ వాల్యూమ్ తగ్గిస్తే నాణ్యత పోతుందన్న భయం చాలామందిలో ఉంది. ప్రతి 6 డెసిబెల్స్‌కు ఒక బిట్టు ఖర్చవుతుందన్న మాట నిజమే. కానీ 24 బిట్ల డాక్‌కు 16 బిట్ల పాట పంపుతున్నప్పుడు ఎనిమిది బిట్లు అదనంగా ఉన్నాయి. రెండు మూడు డెసిబెల్స్ తగ్గింపు పాటను తాకదు. అసలు చిక్కు ఎక్కడంటే, సీడీ ప్లేయరే గట్టిగా ఉండి దానికి వాల్యూమ్ లేనప్పుడు. కొన్ని యాంప్లిఫయర్లలో ప్రతి ఇన్‌పుట్‌కు విడిగా స్థాయి సవరించే అమరిక ఉంటుంది, అది ఉంటే వాడండి. లేకపోతే సీడీ అవుట్‌పుట్‌కూ యాంప్‌కూ మధ్య ఒక చిన్న పాసివ్ వాల్యూమ్ పెట్టెను పెట్టుకోవాలి.

ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌తో ఈ పని చేయకండి. చేయి కొద్దిగా కదిలినా, పక్క గదిలో కుక్కర్ కూత పెట్టినా దాని అంకె మారిపోతుంది.

చెవికి ముందుగా శిక్షణ

నేరుగా 320 కేబీపీఎస్‌ను ఫ్లాక్‌తో పోల్చి ‘తేడా లేదు’ అనేస్తే ఆ మాటకు బలం ఉండదు, ఎందుకంటే దేని కోసం వినాలో చెవికి ఇంకా తెలియదు. 96 లేదా 128 నుంచి మొదలుపెట్టి పైకి రండి. కుదింపు తప్పులు ఎక్కడ బయటపడతాయో మన సంగీతంలోనే మంచి ఉదాహరణలు ఉన్నాయి. ఘటం, కంజీర దెబ్బలు అకస్మాత్తుగా పడతాయి. తక్కువ బిట్‌రేటులో దెబ్బకు ముందే సన్నని మసక శబ్దం పూసినట్టు వినిపిస్తుంది, దెబ్బ అంచు మొద్దుబారుతుంది. తంబూర నాదంలో ఎడతెగని పై స్వరాల మిలమిల ఉంటుంది, అది నీటిలో కదిలినట్టు ఊగుతుంది. అన్నిటికంటే కఠిన పరీక్ష కచేరీ రికార్డింగు చివరి చప్పట్లు. వందల చేతులు ఒకదానికొకటి సంబంధం లేకుండా మోగే ఆ శబ్దంలో ఎన్‌కోడర్‌కు దాచుకునే చోటు దొరకదు. 128లో అది వానచినుకులు కలిసిపోయిన రొదలా మారుతుంది. చాలామంది పాట అయిపోయిందని అక్కడే ఆపేస్తారు. మీరు ఆపకండి.

ఒక్కో ముక్క పది, పదిహేను సెకన్లు మించకూడదు. ధ్వనికి సంబంధించిన సూక్ష్మమైన జ్ఞాపకం కొన్ని సెకన్లే నిలుస్తుంది. పాట మొత్తం విని, కాఫీ తాగి వచ్చి రెండోది విన్నప్పుడు మనం పోల్చేది ధ్వనులను కాదు, అభిప్రాయాలను.

ఫైళ్ళ పోలికకు ఫూబార్2000 ప్లేయర్‌కు విడిగా కలుపుకునే ఏబీఎక్స్ కంపారేటర్ చాలు. ఏ, బీ అన్నవి మీకు తెలిసిన ఫైళ్ళు. ఎక్స్ ఆ రెండింటిలో ఏదో ఒకటి, ఏదో చెప్పడం మీ పని. 16 సార్లు చేయండి. ఏమీ వినిపించకుండా ఊహతో చెప్పినా సగటున ఎనిమిది సరిపోతాయి. 12 లేదా అంతకంటే ఎక్కువ సరిపోవడం కేవలం అదృష్టంతో జరిగే అవకాశం 3.8 శాతం, 13 అయితే దాదాపు 1 శాతం. ఎన్నిసార్లు చేస్తారో ముందే నిర్ణయించుకుని, మధ్యలో అంకె బాగుందని ఆపకుండా, బాగా లేదని పొడిగించకుండా ఉండాలి.

పెట్టెల పోలికకు మరొక మనిషి కావాలి

రెండు డాక్‌లనో, సీడీ ప్లేయర్‌నూ స్ట్రీమర్‌నూ పోల్చడానికి సాఫ్ట్‌వేర్ సరిపోదు. మా ఇంట్లో ఈ పని మా బావగారు చేశారు. ఆయన నా వెనుక కూర్చుని, ప్రతిసారీ ఒక నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఒక సోర్సు, బొరుసు పడితే మరొకటి పెట్టి, కాగితం మీద రాసుకున్నారు. నేను నా కాగితం మీద రాసుకున్నాను. చివరి వరకు ఒకరి కాగితం ఒకరు చూడలేదు. మొదటి రోజు ఆయన ‘ఇప్పుడు జాగ్రత్తగా వినండి’ అన్నందుకే ఆ విడత మొత్తాన్ని కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాం. సాయం చేసేవారు మాట్లాడకూడదు, దగ్గకూడదు, సెలెక్టర్‌ను ప్రతిసారీ మూడో ఇన్‌పుట్‌కు తిప్పి వెనక్కు తేవాలి. లేకపోతే సోర్సు మారలేదన్న సంగతి టిక్కుమనే శబ్దం లేకపోవడంతోనే తెలిసిపోతుంది.

మరొక రహస్య సూచన ఉంటుంది. రెండు సోర్సులను ఒకేసారి మొదలుపెట్టినా ఒకటి అర సెకను ముందు ఉంటుంది. మారినప్పుడు పాట వెనక్కు దూకితే ఫలానాదని చెవి నేర్చేసుకుంటుంది. కాబట్టి ప్రతిసారీ కొన్ని సెకన్ల నిశ్శబ్దం ఇచ్చి, ముక్కను మొదటి నుంచి వినిపించడం మేలు. అరగంట దాటితే చెవి అలసిపోతుంది. ఎనిమిది ఒక రోజు, ఎనిమిది మరొక రోజు చేసినా పరవాలేదు.

24 బిట్ల ఫైళ్ళ సంగతి

హై రిజల్యూషన్ ఫైలును (సీడీ కంటే ఎక్కువ బిట్లు, ఎక్కువ శాంపిల్ రేటు ఉన్నదాన్ని) సీడీతో నేరుగా పోల్చకండి, మాస్టర్ వేరై ఉండవచ్చు. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ ఫైలును సాక్స్ ప్రోగ్రాంతో డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు వచ్చే తప్పును చెదరగొట్టే అతి సన్నని రొద) కలిపి 16 బిట్లు, 44.1కి దించి, మళ్ళీ 24/96కి ఎక్కించి, ఆ రెండింటినీ ఏబీఎక్స్‌లో పెట్టండి. తిరిగి ఎక్కించడం ఎందుకంటే, డాక్ రేటు మారేటప్పుడు చేసే చిన్న శబ్దం జవాబు చెప్పేయకుండా. 44.1 కిలోహెర్ట్జ్ రేటు 22 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనిని పట్టుకుంటుంది, మనిషి చెవి పరిమితి చిన్న వయసులోనే 20. 16 బిట్లు ఇచ్చే 96 డెసిబెల్స్ వ్యత్యాసం ఏ ఇంటి గదిలోనూ పూర్తిగా వాడుకోలేం. 2007లో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షలో హై రిజల్యూషన్ ధ్వనిని సీడీ స్థాయికి దించి వినిపిస్తే, 554 సార్లలో 276 సార్లే సరైన జవాబు వచ్చింది. 2016లో జోషువా రీస్ అనేక పరీక్షలను కలిపి లెక్కిస్తే సరైన జవాబులు 52 శాతానికి కాస్త పైన తేలాయి. తేడా ఉన్నా అది ఇంత సన్ననిది అని తెలుసుకుని కొనడం మంచిది.

మా గదిలో తేలినది

128 కేబీపీఎస్‌ను చప్పట్ల దగ్గర 16కి 15 సార్లు గుర్తించాను. 192ను ఘటం తని ఆవర్తనంలో (తాళవాద్యం ఒక్కటే మోగే ఘట్టంలో) మాత్రమే, 13 సార్లు. 320 దగ్గర 9 మాత్రమే వచ్చాయి, అంటే నాకు వినిపించడం లేదు. సీడీ ప్లేయర్, డాక్ మధ్య శబ్దస్థాయి సమం చేశాక 7 వచ్చాయి. పాత ఫోన్ ఎస్‌బీసీ కోడెక్‌తో (బ్లూటూత్‌లో వాడే ఒక కుదింపు పద్ధతితో) పంపే బ్లూటూత్‌ను 14 సార్లు పట్టుకున్నాను. ఎస్‌బీసీ సాధారణంగా 328 కేబీపీఎస్ దాటదు, పైగా అప్పటికే కుదించిన స్ట్రీమ్‌ను రెండోసారి కుదిస్తుంది. ఇవి నా వయసు చెవులకు, మా గదికి, మా స్పీకర్లకు వచ్చిన అంకెలు. అదే ఉదయం మా అమ్మాయి 192ను నాకంటే తేలికగా, 16కి 16 చెప్పింది. ఇప్పుడు సీడీ ప్లేయర్, డాక్ రెండూ యాంప్‌కు తగిలించే ఉన్నాయి. బ్లూటూత్ రిసీవర్‌ను మాత్రం వంటింట్లోని చిన్న స్పీకర్‌కు మార్చాను.